బీపీ గోలీ, పెరిగిన ట్రైగ్లిజరైడ్లు: నా అనుభవం

డిసెంబర్ 2024 మొదటి వారంలో మా అమ్మాయి వాళ్ళ ఆఫీసు హెల్త్ ప్యాకేజీలో మా ఇద్దరికీ రక్త పరీక్షలు చేయించింది. పొద్దున ఆరున్నరకల్లా ల్యాబ్ అబ్బాయి వనస్థలిపురంలోని మా ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయాడు. సాయంత్రానికి రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చాయి. మిర్చి బజ్జీ బండి కనబడితే ఆగకుండా ఉండలేని మా ఆయన రిపోర్టులో అన్నీ నల్ల అక్షరాలే. నా దాంట్లో రెండు ఎర్రవి. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, 318, ఉండాల్సింది 150 లోపు. మంచి కొలెస్ట్రాల్ అని చెప్పే హెచ్‌డీఎల్ 34, ఆడవాళ్ళకు 50 పైన ఉండాలి. అందరూ భయపడే చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, మాత్రం 116.

నాకు 51 ఏళ్ళు. ఇంట్లో నూనె కొలిచి పోసేదాన్ని నేనే. అలాంటిది నా పేరు పక్కన 318 చూసేసరికి ఏడుపొచ్చినంత పనైంది. ముందు రోజు రాత్రి నాగోల్‌లో పెళ్ళికి వెళ్ళి బిర్యానీ, ఖుబానీ కా మీఠా తిని పదిన్నరకు ఇల్లు చేరాం. దాని మహిమే ఇదంతా అని మా ఆయన అక్కడికక్కడ తేల్చేశారు. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. ఆ శనివారమే ఎల్బీ నగర్ దగ్గర ఒక ఫిజీషియన్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఏడు గంటల అపాయింట్‌మెంట్‌కు తొమ్మిది దాటాక పిలిచారు. ఫీజు 800. ఆ ఫీజు వారం రోజులకే పనిచేస్తుందని, పరీక్షలు చేయించుకుని తర్వాత వస్తే మళ్ళీ కట్టాలని కౌంటర్‌లో చెప్పలేదు, రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. లిపిడ్ (రక్తంలో కొవ్వుల) పరీక్షలంటే వారాల మాట కాబట్టి ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

డాక్టర్ గారు రిపోర్టు మీద ఒక్క చూపు చూసి, "ఏ మందులు వాడుతున్నారమ్మా?" అన్నారు. బీపీకి ఒక్క గోలీ సార్, అంతే, అన్నాను. ఆ షీటు చూపించమన్నారు. అదృష్టవశాత్తూ బ్యాగులో ఉంది. అటెనలాల్ 50.

ఆ గోలీ కథ ఇక్కడే చెప్పేస్తాను. 2013 ఎండాకాలంలో నాకు ఊరికే గుండె దడ వచ్చేది. మా కాలనీ డాక్టర్ చూస్తే బీపీ 150/100. రాత్రిళ్ళు నిద్ర కూడా ఉండేది కాదు. ఆయన ఈ గోలీ రాశారు, వారంలో దడ పోయింది, బీపీ దిగింది. ఇక అప్పటినుంచి పొద్దున టిఫిన్ తర్వాత ఒకటి. 14 గోలీల షీటు నలభై రూపాయల లోపే. మెడికల్ షాపు అబ్బాయి నన్ను చూడగానే అడగకుండానే రెండు షీట్లు తీసి కౌంటర్ మీద పెడతాడు. చీటీ అడిగిన వాళ్ళు లేరు. ఇన్నేళ్ళలో పండక్కి ఊరెళ్ళినా పర్సులో పెట్టుకుని పోయిన గోలీ అది. నా ఒంట్లో అది ఇంకేదైనా చేస్తుందేమో అన్న అనుమానమే నాకు రాలేదు.

"ఇది బీటా బ్లాకర్ అమ్మా, గుండె వేగం తగ్గించి బీపీ దించే రకం. ఎక్కువ కాలం వాడితే కొందరిలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, హెచ్‌డీఎల్ కొంచెం తగ్గుతుంది. ఎల్‌డీఎల్ జోలికి పెద్దగా పోదు. మీ రిపోర్టు అలాగే ఉంది. కానీ దీని ఒక్కదాని వల్లే 318 అని నేననను" అన్నారు. పెళ్ళి భోజనం సంగతి విని నవ్వి, రెండు మూడు వారాలు మామూలు తిండి తిని, రాత్రి ఎనిమిదికి భోజనం ముగించి, పొద్దున ఎనిమిదికి రక్తం ఇవ్వమన్నారు. ట్రైగ్లిజరైడ్లు ముందు పూట తిండికే కాదు, రోజు రోజుకూ కూడా మారతాయట. ఒక్క అంకె చూసి మందులు మార్చను అన్నారు. దాంతోపాటు థైరాయిడ్, మూడు నెలల షుగర్, కిడ్నీ, లివర్ పరీక్షలు, పొట్ట స్కానింగ్, ఈసీజీ, టూడీ ఎకో రాశారు. పాత రిపోర్టులుంటే, ముఖ్యంగా ఈ గోలీ మొదలుపెట్టక ముందువి, తెమ్మన్నారు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చ. అమ్మాయి ఫోన్‌లో చదివి చెబుతూనే ఉంది. బ్రిటన్‌లో 2006లోనే మామూలు బీపీకి, వేరే జబ్బేమీ లేకపోతే, బీటా బ్లాకర్‌ను మొదటి మందుగా ఇవ్వొద్దని మార్గదర్శకాలు మార్చారట. అంతకుముందు 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అటెనలాల్ వేసుకున్నవాళ్ళకంటే లోసార్టాన్ అనే వేరే రకం బీపీ మందు వేసుకున్నవాళ్ళకు పక్షవాతం తక్కువ వచ్చిందట. నాకు రాసింది 2013లో! కోపం ముంచుకొచ్చింది. మందు రాసినాయన మీద కోపమా, నా మీదా, షాపు అబ్బాయి మీదా అంటే చెప్పలేను. రేపట్నుంచి వేసుకోను పో, అన్నాను. అమ్మాయి వెంటనే, "అమ్మా, ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ రెండూ ఎగదన్నుతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకైతే ప్రమాదం కూడా" అని చదివి వినిపించింది. తిట్టుకుంటూనే మర్నాడు టిఫిన్ తర్వాత గోలీ వేసుకున్నాను.

పాత రిపోర్టు కోసం బీరువా అంతా తిరగేశాం. చివరికి గ్యాస్ కనెక్షన్ కాగితాల కవర్లో దొరికింది. 2013 ఏప్రిల్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు, వెలిసిపోయి ఉంది. ట్రైగ్లిజరైడ్లు 148, హెచ్‌డీఎల్ 46, ఎల్‌డీఎల్ 106. దాని వెనకే 2018లో కాలనీ మెడికల్ క్యాంపు కాగితం: ట్రైగ్లిజరైడ్లు 221, హెచ్‌డీఎల్ 39. ఆ కాగితం మీద ఎవరో పెన్నుతో 'నూనె తగ్గించాలి' అని రాసి ఉంది. మూడు కాగితాలు మంచం మీద వరసగా పెట్టి చూస్తే నాకు కేసు గెలిచినట్టే అనిపించింది.

సంక్రాంతి సకినాలు మొదలవకముందే, జనవరి మొదటి వారంలో రెండోసారి రక్తం ఇచ్చాను. ఒక్క లిపిడ్ పరీక్షకు ఇంటికొచ్చే చార్జీతో కలిపి 600 దాకా అయింది. ట్రైగ్లిజరైడ్లు 274, హెచ్‌డీఎల్ 35. పెళ్ళి భోజనం వాటా తీసేసినా ఇంకా ఎర్రగానే ఉన్నాయి. థైరాయిడ్ బాగుంది, కిడ్నీ బాగుంది. మూడు నెలల షుగర్ 6.1, అంటే షుగర్ గడప దగ్గర నిలబడి ఉన్నాను. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1. ఈసీజీ, ఎకో నార్మల్. స్కానింగ్, ఎకో, రక్త పరీక్షలన్నీ కలిపి ఐదు వేలు దాటింది. ఓపీ ఖర్చు కాబట్టి మా ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వరు.

మళ్ళీ 800 కట్టి, మూడు కాగితాలూ గర్వంగా డాక్టర్ గారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "2013లో మీ బరువెంత?" అప్పటికంటే ఏడు కిలోలు పెరిగాను. "నెలసరి ఎప్పుడు ఆగింది?" 2021లో. "రాత్రి అన్నమా, రొట్టెనా?" రెండు పూటలా అన్నమే. "చూశారా, గోలీతోపాటు ఇవన్నీ కూడా మారాయి. గోలీ వాటా ఉంది, కాదనను. అన్నీ దాని నెత్తిన వేస్తే మాత్రం రేపు గోలీ మార్చాక అంకె అక్కడే ఉంటే నన్ను తిడతారు" అన్నారు. బీటా బ్లాకర్ వల్ల కూడా ఒకటి రెండు కిలోల బరువు పెరగొచ్చని ఆయనే అన్నారు, కాబట్టి ఆ ఏడులో కొంత నేను దాని ఖాతాలోనే వేసుకున్నాను.

అది ఎలా పెంచుతుంది సార్ అని అడిగితే చీటీ వెనక బొమ్మ గీశారు. రక్తంలో తిరిగే ట్రైగ్లిజరైడ్లను విరగ్గొట్టి కండరాలకు, కొవ్వు కణాలకు పంపే ఎంజైమ్ ఒకటుంటుంది, లైపోప్రొటీన్ లైపేజ్ అని. ఈ మందు వల్ల దాని పని మందగిస్తుంది. నాకర్థమైంది ఇది: రోజూ వచ్చే చెత్త ఆటో రెండ్రోజులకోసారి వస్తే మన ఇంట్లో చెత్త ఎక్కువ పుట్టకపోయినా గేటు ముందు కుప్ప పెరుగుతుంది. అయితే బీటా బ్లాకర్లన్నీ ఒకటి కావట. ప్రొప్రనలాల్ లాంటి పాతవాటితో ఈ మార్పు ఎక్కువ, అటెనలాల్, మెటోప్రోలాల్‌తో అంతకంటే తక్కువ, కార్వెడిలాల్, నెబివొలాల్‌తో దాదాపు ఉండదు.

కోపం తగ్గని నేను, మరి 2013లో నాకిది ఎందుకిచ్చారు అన్నాను. "దడతో వచ్చారు కదమ్మా, దడకు అది మంచి మందే. ఇచ్చినందుకు తప్పు పట్టను. మధ్యలో ఎవరూ మళ్ళీ చూడలేదు, అదే" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాకు గుండెపోటు రాలేదు, ఎకో బాగుంది కాబట్టి అటెనలాల్ తప్పనిసరి కాదని, టెల్మిసార్టాన్ అనే వేరే రకం బీపీ మందుకు మారుద్దామని నిర్ణయించారు. మార్చడం అంటే ఈ షీటు మానేసి ఆ షీటు కొనడమే అనుకున్నాను. అలా కాదు. జనవరి చివరి వారంలో టెల్మిసార్టాన్ 40 మొదలుపెట్టి, అటెనలాల్‌ను 25కు దించారు, రెండు వారాలు. తర్వాత ఒక వారం రోజు విడిచి రోజు. ఆ తర్వాత బంద్. ఈలోగా ఇంట్లో బీపీ మిషన్ కొనమన్నారు, రెండు వేలు. పొద్దున, సాయంత్రం కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి.

25 మీద ఉన్నన్ని రోజులు ఏమీ తెలియలేదు. రోజు విడిచి రోజు వేసుకున్న వారమే నరకం. నా నాడి ఎప్పుడూ 58, 60 ఉండేది. అది 84 చూపించింది. రాత్రి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినబడేది. ఒక రోజు సాయంత్రం బీపీ 156/98. టెన్షన్‌తో మళ్ళీ కొలిస్తే 164! డాక్టర్ గారికి మెసేజ్ పెడితే, వెంటవెంటనే కొలవొద్దు, ఐదు నిమిషాలు కూర్చున్నాకే కొలవండి, ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి అని జవాబిచ్చారు. అలాంటిదేమీ రాలేదు. పది రోజుల్లో బీపీ 130ల్లోకి దిగింది.

అప్పుడే ఇంకో వింత. చలికాలంలో నా చేతులు, పాదాలు మంచుగడ్డల్లా ఉండేవి. వయసు ప్రభావం అనుకుని సాక్స్ వేసుకుని పడుకునేదాన్ని. ఫిబ్రవరిలో ఒక రాత్రి సాక్స్ ఊడదీసి పడేశాను, పాదాలు వెచ్చగా ఉన్నాయి. మూడో అంతస్తుకు మెట్లెక్కితే కాళ్ళు బరువెక్కేవి, అదీ తగ్గింది. ఇవి ఆ గోలీ వల్ల అని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పుకోలేదు.

కానీ దడ మాత్రం పోలేదు. బీపీ సర్దుకున్నాక కూడా మధ్యాహ్నం పూట గుండె ఒక్కసారి ఎగిరిపడ్డట్టయ్యేది. మార్చి మొదట్లో హోల్టర్ పెట్టారు, ఒక రోజంతా గుండె కొట్టుకోవడాన్ని నమోదు చేసే మిషన్ అది. ఛాతీ మీద వైర్లు అంటించి, నడుముకు చిన్న మిషన్ కట్టి పంపుతారు, మర్నాడు అదే వేళకు తీసేస్తారు. మూడు వేల లోపు అయింది. స్నానం చేయకూడదు, దడ వచ్చినప్పుడల్లా టైము రాసుకోవాలి. రైతు బజార్‌కు చున్నీ కప్పుకుని వెళ్తే, టమాటాలు అమ్మే ఆమె వైరు చూసి, "ఏమైందక్కా, గుండె ఆపరేషనా?" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నాకు దారిచ్చారు. ఆ రోజు బేరం ఆడకుండానే కూరగాయలు తక్కువకొచ్చాయి.

రిపోర్టు వచ్చింది. అక్కడక్కడ అదనపు చప్పుళ్ళు ఉన్నాయి, ప్రమాదం లేనివి. తట్టుకోగలిగితే మందు అక్కర్లేదు, కష్టంగా ఉంటే నెబివొలాల్ చిన్న డోసు ఇస్తానన్నారు. మళ్ళీ బీటా బ్లాకరేనా అని ముఖం మాడ్చుకున్నాను. ఇది రక్తనాళాలను కూడా సడలిస్తుందని, కొలెస్ట్రాల్ అంకెలను కదపదని చెప్పారు. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. 2.5 మిల్లీగ్రాములతోనే దడ ఆగింది. పాదాలు మళ్ళీ చల్లబడలేదు.

ఉగాదికి నల్గొండ వెళ్ళినప్పుడు ఈ కథంతా మా పెద్ద వదినకు చెప్పాను. ఆమెకు 2022లో గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, అప్పటినుంచి మెటోప్రోలాల్ వేసుకుంటుంది. మేము తిరిగొచ్చిన వారానికి అన్న ఫోన్. వదిన గోలీ పక్కన పెట్టేసిందట, "నీ చెల్లెలే చెప్పింది కొవ్వు పెంచుతుందని" అంటోందట. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెంటనే మా డాక్టర్ గారికి చేస్తే ఆయన ఫోన్‌లోనే గట్టిగా చెప్పారు: గుండెపోటు తర్వాత ఆ మందు గుండెకు చేసే మేలు ముందు ట్రైగ్లిజరైడ్ల మార్పు ఎందుకూ కొరగాదు, ఆమెకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ కూడా నడుస్తోంది, ఈ పూటే వేసుకోమనండి, రేపు ఆమె కార్డియాలజిస్టుకు చూపించమనండి. వదినా, నా సంగతి వేరు, నీ సంగతి వేరు, నాకు అది దడ కోసం, నీకు అది ప్రాణం కోసం, అని బతిమాలాను. వేసుకుంది. తర్వాత వారం దాకా నాతో మాట్లాడలేదు. ఈ భాగం ఇంత వివరంగా రాయడానికి కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఈలోగా తిండి కూడా మార్చాను. రాత్రి జొన్న రొట్టె, మధ్యాహ్నం అన్నం సగానికి, టీలో చక్కెర బంద్. నాకు చెప్పిన దాంట్లో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే: ట్రైగ్లిజరైడ్లకు నూనె కంటే తెల్లన్నం, చక్కెర, పండ్ల రసాలే పెద్ద శత్రువులు. నేను కొలిచి పోసుకున్న నూనె అంతా వృథా కాకపోయినా, పెద్దగా కలిసి రాలేదు. పొద్దున హరిణ వనస్థలి వైపు నడక. మామిడిపండు దగ్గర మాత్రం సగానికి ఒప్పందం కుదిరింది. బంగినపల్లి సగం అంటే ఏ సగమో చెప్పలేదు కదా, పెద్దది నాకు, చిన్నది మా ఆయనకు.

మే చివర్లో మళ్ళీ పరీక్ష. ట్రైగ్లిజరైడ్లు 196, హెచ్‌డీఎల్ 39. రెండూ దారిలో పడ్డాయి. ఎల్‌డీఎల్ మాత్రం 123, తగ్గకపోగా కొంచెం పెరిగింది. గోలీ మారిస్తే అన్నీ తగ్గుతాయని ఊరించుకున్న నాకు నీరసం వచ్చింది. అటెనలాల్ దాన్ని పెంచనే లేదు కాబట్టి అది పోతే తగ్గేదీ లేదని డాక్టర్ గారు డిసెంబర్‌లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పారు. 274 నుంచి 196కు వచ్చిన దాంట్లో గోలీ వాటా ఎంత, జొన్న రొట్టె వాటా ఎంత సార్ అంటే, "రెండూ ఒకేసారి మార్చారు, ఇక విడదీసి చెప్పలేం. ఇద్దరికీ దండం పెట్టండి" అన్నారు.

బీపీ ఉంది, షుగర్ గడప దగ్గర ఉంది, కాబట్టి రోసువాస్టాటిన్ 10 రాశారు. ఒక గోలీ వదిలించుకోబోయి మూడు గోలీల దాన్నయ్యాను. వాట్సాప్ గ్రూపుల్లో స్టాటిన్ మీద వచ్చే భయాలన్నీ చదివి ఉన్నాను, అందుకే జూన్ అంతా షీటు ఫ్రిజ్ మీద అలాగే ఉంది. కాళ్ళ నొప్పులొస్తే చెప్పండి, మందు మారుస్తాను, అన్న హామీ మీద జూలై మొదట్లో మొదలుపెట్టాను. నొప్పులు రాలేదు. వినాయక చవితి ఉండ్రాళ్ళు అరిగాక, సెప్టెంబర్ రెండో వారంలో పరీక్ష: ట్రైగ్లిజరైడ్లు 158, హెచ్‌డీఎల్ 40, ఎల్‌డీఎల్ 74. బరువు నాలుగు కిలోలు తగ్గాను.

నెలకు వంద లోపు ఉండే మందుల ఖర్చు షాపులో 700కు చేరింది. జనఔషధి కేంద్రంలో టెల్మిసార్టాన్, రోసువాస్టాటిన్ అందులో మూడో వంతుకే దొరుకుతున్నాయి, నెబివొలాల్ మాత్రం మా దగ్గర దొరకడం లేదు. డాక్టర్ ఫీజులు, పరీక్షలు, బీపీ మిషన్ కలిపి ఈ తొమ్మిది పది నెలల్లో 17 వేలు దాటింది. టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్ళు అప్పుడప్పుడు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం చూపించుకోవాలట, అది నవంబర్‌లో ఉంది. దాంతోపాటే మూడు నెలల షుగర్ కూడా. ఈసారి మా ఆయనకూ రాయించాను. పోయిన ఆదివారం కూడా బజ్జీల బండి దగ్గరే దొరికారు.